ఆంగ్ల ప్రభువు జీవితాన్ని, కుటుంబాన్ని తెలుగులో రాయడం ఎలా? రెసిడెంటు మెట్‌కాఫ్ ఉదాహరణగా

చిక్కడపల్లి గ్రంథాలయంలో గ్రూప్స్ పరీక్షలకు చదువుకునే వారిలో ఎవరిని అడిగినా, చార్లెస్ మెట్‌కాఫ్ అంటే ‘1835లో భారత పత్రికలకు స్వేచ్ఛ ఇచ్చినవాడు’ అని తడుముకోకుండా చెబుతారు. అక్కడికి ఎంతో దూరం లేని కోఠీలో, రెసిడెన్సీ భవనంలో, అదే మెట్‌కాఫ్ 1820 చివరి నుంచి 1825 దాకా ఈస్టిండియా కంపెనీ ప్రతినిధిగా, అంటే రెసిడెంటుగా ఉన్నాడని చెప్పగలిగేవారు మాత్రం తక్కువ. అతడు ఎవరి కొడుకు, అతని వెనక ఆ బిరుదు ఎవరికి పోయింది, అతనికి సంతానం ఉందా లేదా అని అడిగితే తెలుగులో సరైన జవాబు దొరకడం ఇంకా కష్టం. ఇటువంటి ఆంగ్ల ప్రభువు జీవితాన్ని, కుటుంబాన్ని హైదరాబాద్‌లో కూర్చుని, తప్పులు లేకుండా, తెలుగు పాఠకుడికి అర్థమయ్యేలా ఎలా రాయాలో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం. మెట్‌కాఫ్‌ను ఉదాహరణగా తీసుకోవడానికి కారణం అతడు మన ఊళ్లో ఉండటం ఒక్కటే కాదు. బిరుదుల విషయంలో, బంధుత్వాల విషయంలో రచయిత పడగల గుంటలన్నీ ఆ ఒక్క కుటుంబంలోనే ఉన్నాయి.

ఆ గుంటల్లో నేనూ పడ్డాను. చాలా ఏళ్ల కిందట ఒక చిన్న పత్రికకు రాసిన వ్యాసాన్ని ‘1820లో లార్డ్ మెట్‌కాఫ్ హైదరాబాద్‌కు వచ్చాడు’ అని మొదలుపెట్టాను. అదే వ్యాసంలో, ఢిల్లీలో మెట్‌కాఫ్ హౌస్ కట్టించిన థామస్ థియోఫిలస్ మెట్‌కాఫ్‌ను అతని తండ్రిగా రాసేశాను. పత్రిక వెలువడిన పది రోజులకు ఒక పాఠకుడి నుంచి కార్డు వచ్చింది. 1820లో మెట్‌కాఫ్ లార్డ్ కాదనీ, కనీసం సర్ కూడా కాదనీ, ఢిల్లీ థామస్ అతని తమ్ముడే గాని తండ్రి కాదనీ ఆ పెద్దమనిషి మూడు వాక్యాల్లో తేల్చారు. మూడూ నిజమే. ఆ కార్డు అందిన తరువాతే ఈ పని ఎక్కడ మొదలుపెట్టాలో నాకు తెలిసివచ్చింది.

ముందు బిరుదు, తరువాత మనిషి

ఆంగ్ల ప్రభువును గురించి రాయబోయేవారు మొదట అతని పుట్టిన తేదీ కోసం కాకుండా అతని బిరుదు పుట్టిన తేదీ కోసం వెతకాలి. ప్రభువుల శ్రేణిలో పైనుంచి కిందికి డ్యూక్, మార్క్విస్, ఎర్ల్, వైకౌంట్, బారన్ అని ఐదు మెట్లు ఉంటాయి. ఈ ఐదింటిలో ఒకటి ఉన్నవాడే ప్రభువు. బారన్ కింద బారొనెట్ అని మరొక బిరుదు ఉంది. అది వంశపారంపర్యంగా వచ్చేదే అయినా, అది ఉన్నవాడు ప్రభువుల లెక్కలోకి రాడు, ‘సర్’ అని మాత్రమే పిలిపించుకుంటాడు. నైట్ బిరుదు ఉన్నవాడూ ‘సర్’ అనే పిలిపించుకుంటాడు గాని, ఆ బిరుదు అతనితోనే పోతుంది. బారన్, బారొనెట్ అన్న రెండు మాటలూ తెలుగు లిపిలో కవలల్లా కనిపిస్తాయి కనుక, అచ్చుప్రతి దిద్దేటప్పుడు ఈ రెండింటినీ ప్రత్యేకంగా చూసుకోవాలి.

ఈ బిరుదులను రాజా, జమీందారు, జాగీర్దారు అని తెలుగు చేయడం మంచిది కాదు. హైదరాబాద్ పాఠకుడికి పోలిక చెప్పాలంటే ఆసఫ్‌జాహీల బిరుదులు దగ్గరగా ఉంటాయి. అక్కడా జంగ్, దౌలా, ముల్క్, ఉమరా, జాహ్ అని మెట్లు ఉండేవి. రెసిడెన్సీ భవనాన్ని కట్టించిన జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్‌కు కూడా నిజాం హష్మత్ జంగ్ అన్న బిరుదు ఇచ్చాడు. అయితే పోలికను అక్కడితో ఆపేయాలి. నిజాం ఇచ్చిన బిరుదు ఆ మనిషికి దక్కిన గౌరవం. అది కొడుక్కి కావాలంటే పాలకుడు మళ్లీ ఇవ్వవలసిందే. ఆంగ్ల ప్రభువు బిరుదు అలా కాదు. దాన్ని ఇచ్చినప్పుడే, తరువాత అది ఎవరెవరికి పోవాలో పట్టాలో రాసి ఉంటుంది. తండ్రి కన్నుమూసిన క్షణంలో, ఎవరి అనుమతీ అక్కరలేకుండా, అది వారసుడి మీద వాలుతుంది.

ఇప్పుడు మెట్‌కాఫ్ కుటుంబం చూద్దాం. తండ్రి థామస్ థియోఫిలస్ మెట్‌కాఫ్ బెంగాల్ సైన్యంలో మేజరుగా పనిచేసి, ఇంగ్లండుకు తిరిగివెళ్లి కంపెనీ డైరెక్టరుగా, అబింగ్డన్ నుంచి పార్లమెంటు సభ్యుడుగా ఉన్నాడు. 1802 డిసెంబరులో అతనికి బారొనెట్ బిరుదు వచ్చింది. 1813లో అతడు చనిపోగా బిరుదు పెద్దకొడుకు థియోఫిలస్ జాన్‌కు దక్కింది. అతడు 1822లో మగసంతానం లేకుండా చనిపోవడంతో అది రెండవవాడైన చార్లెస్‌కు వచ్చింది. అంటే హైదరాబాద్‌కు వచ్చేనాటికి అతడు వట్టి మిస్టర్ మెట్‌కాఫ్. సర్ చార్లెస్ అయినది ఇక్కడ ఉండగానే. ఇంగ్లండు నుంచి ఉత్తరం ఓడలో రావడానికి నెలలు పట్టే రోజులవి. అందువల్ల అన్న చనిపోయిన నాటి నుంచి ఆ కబురు అందేదాకా కోఠీలో కూర్చుని సంతకాలు చేసిన మనిషి, తనకే తెలియకుండా బారొనెట్‌గా ఉన్నాడు. తేదీ లేని పాత కాగితంలో అతన్ని ‘సర్’ అని పిలిచి ఉంటే, అది ఆ కబురు అందిన తరువాతిదని నిర్ణయించవచ్చు. పరిశోధకుడికి బిరుదు ఇలా కూడా పనికొస్తుంది.

బారన్ బిరుదు చాలా ఆలస్యంగా వచ్చింది. జమైకా గవర్నరుగా, ఆ తరువాత కెనడా గవర్నర్ జనరల్‌గా పనిచేసిన చార్లెస్‌ను 1845లో బారన్ మెట్‌కాఫ్‌గా చేశారు. ముఖానికి వచ్చిన క్యాన్సరుతో 1846 సెప్టెంబరు 5న హాంప్‌షైర్‌లోని మాల్షాంగర్‌లో అతడు చనిపోయాడు. అతడు ‘లార్డ్ మెట్‌కాఫ్’గా ఉన్నది రెండేళ్లు కూడా నిండని కాలం మాత్రమే. అతడు చనిపోయిన రోజునే బారన్ బిరుదు అంతరించింది, బారొనెట్ బిరుదు మాత్రం తమ్ముడు థామస్‌కు పోయింది. ఒకే మనిషి దగ్గరున్న రెండు బిరుదులు రెండు దారులు పట్టడానికి కారణం, అవి మొదలైన చోట్లు వేరు కావడమే. బారొనెట్ బిరుదు తండ్రితో మొదలైంది కనుక తండ్రి మగసంతతిలో ఎవరికైనా పోగలదు. బారన్ బిరుదు చార్లెస్‌తో మొదలైంది కనుక అతని సొంత కొడుకులకే పోవాలి. కాబట్టి ఏ ప్రభువును గురించి రాస్తున్నా, అతని ప్రతి బిరుదుకూ ‘ఇది ఎవరితో మొదలైంది?’ అన్న ప్రశ్నకు విడివిడిగా జవాబు రాసిపెట్టుకోండి. ఆ జవాబు లేకుండా వంశవృక్షం గీయవద్దు.

కొడుకులున్నా వారసుడు లేకపోవడం

చార్లెస్‌కు కొడుకులు లేరని పైమాట చదివినవారు అనుకోవచ్చు. ముగ్గురున్నారు. వారి తల్లి భారతీయ స్త్రీ. రంజిత్ సింగ్ దర్బారుకు రాయబారిగా వెళ్లి 1809 ఏప్రిల్‌లో అమృత్‌సర్ ఒప్పందం కుదిర్చిన రోజుల్లో పరిచయమైన సిక్కు యువతి అని చెబుతారు. ఆంగ్ల చట్టం గుర్తించే పెళ్లి జరగలేదు కనుక, ఆ ముగ్గురిలో ఎవరికీ బిరుదు దక్కే అవకాశం లేదు. వారిలో జేమ్స్ బెంగాల్ సైన్యంలో అధికారి అయి, గవర్నర్ జనరల్ డల్హౌసీకి ఏడీసీగా, అంటే వెంట ఉండే సైనిక సహాయకుడిగా పనిచేశాడు. పట్టాల్లో రాసే షరతును మన పాత ధర్మశాస్త్రపు మాటల్లో చెప్పాలంటే ‘ఔరస పుత్రసంతతి’ అనాలి. ఈ మాట వాడితే పాఠకుడికి వెంటనే అర్థమవుతుంది. ‘చట్టబద్ధంగా జన్మించిన పురుష వారసులు’ అన్న అనువాదపు మాటకన్నా ఇది చక్కగా నప్పుతుంది.

అయితే మన ధర్మశాస్త్రంలో ఔరసుడు లేకపోతే దత్తుడున్నాడు. జమీందారీ కుటుంబాల చరిత్ర చదివిన తెలుగువాడికి, వారసుడు లేడంటే వెంటనే దత్తత గుర్తుకొస్తుంది. ఆంగ్ల ప్రభువుకు ఆ దారి లేదు. దత్తపుత్రుడికి ఇల్లు, పొలం, నగలు రాసివ్వవచ్చు గాని బిరుదు రాసివ్వడానికి వీల్లేదు. ఇక్కడ ఒక చిత్రమైన సంగతి చెప్పకుండా ఉండలేను. దత్తత తీసుకున్న కొడుకులను వారసులుగా ఒప్పుకోకుండా సతారా, ఝాన్సీ సంస్థానాలను కలిపేసుకున్న డల్హౌసీకి ఇద్దరూ కూతుళ్లే. 1860లో అతడు చనిపోగా మార్క్విస్ బిరుదు అక్కడితో ఆగిపోయింది. పాత స్కాట్లండు ఎర్ల్ బిరుదు మాత్రం చిన్నాన్న కొడుకు ఫాక్స్ మాల్‌కు పోయింది. ఝాన్సీకి వర్తింపజేసిన సూత్రం లాంటిదే తన ఇంటి గుమ్మంలోకీ వచ్చింది.

ఇటువంటి సంతానాన్ని గురించి రాసేటప్పుడు ఎక్కడ వెతకాలన్నది ముఖ్యం. బర్క్, డెబ్రెట్ వంటి వంశావళి గ్రంథాల్లో చాలా సమాచారం ఆయా కుటుంబాలు పంపినదే. వారు వద్దనుకున్న బిడ్డ అందులో ఉండడు, కావాలనుకున్న ప్రాచీన పూర్వీకుడు ఉంటాడు. విక్టోరియా యుగపు జీవితచరిత్రలూ అంతే. వీలునామా అలా కాదు, డబ్బు ఎవరికి ఇవ్వాలో అందులో పేరుతో సహా రాయక తప్పదు. 1858కి ముందు కాంటర్‌బరీ న్యాయస్థానంలో నమోదైన వీలునామాలు లండన్‌లోని క్యూ జాతీయ అభిలేఖాగారంలో ఉన్నాయి, వాటి సూచికను ఇంట్లో కూర్చునే చూడవచ్చు. భారతదేశంలో కంపెనీ చర్చిల్లో జరిగిన బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, ఖననాల నకళ్లు బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీసు రికార్డుల్లో బెంగాల్, మద్రాసు, బొంబాయి శ్రేణులుగా ఉంటాయి. హైదరాబాద్ రెసిడెన్సీలో జరిగిన ఘటన మద్రాసు శ్రేణిలో ఉందేమో ముందుగా చూడండి. నేను ఎప్పుడూ వీలునామాతో మొదలుపెట్టి బాప్తిస్మ రిజిస్టరుకు వెళ్లి, వంశావళి గ్రంథాన్ని చివర తెరుస్తాను.

వరసలు తేల్చడం

తెలుగులో రాసేవారికి అసలు పని ఇక్కడ ఉంది. ఇంగ్లీషులో అన్నకూ తమ్ముడికీ ఒకే మాట, పెదనాన్నకూ మేనమామకూ ఒకే మాట, బావకూ తోడల్లుడికీ ఒకే మాట సరిపోతుంది. తెలుగులో సరిపోదు. ‘చార్లెస్ సోదరుడు థామస్’ అని రాస్తే మన పాఠకుడు వెంటనే ‘అన్నా, తమ్ముడా?’ అని అడుగుతాడు. ఆ ప్రశ్నకు జవాబు కోసం వెతికితే, చార్లెస్ 1785 జనవరి 30న కలకత్తాలో పుట్టాడనీ, థామస్ 1795లో పుట్టాడనీ తెలుస్తుంది. ఆ రెండు తేదీలు పక్కపక్కన పెట్టి ఉంటే, అతన్ని తండ్రిని చేసే తప్పు నేను చేసేవాణ్ణే కాదు. చెల్లెలో అక్కో తేలేదాకా ‘సోదరి’ అని రాసి, పక్కన పెన్సిలుతో ప్రశ్నార్థకం పెట్టుకోండి. అచ్చుకు పంపేముందు ఆ ప్రశ్నార్థకాలన్నీ తుడిచేయగలిగితే మీ పరిశోధన ముగిసినట్టే.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది ‘నెఫ్యూ’ అన్న మాట. పత్రికల్లో, పాఠ్యపుస్తకాల్లో దాన్ని కళ్లు మూసుకుని ‘మేనల్లుడు’ అని రాసేస్తుంటారు. 1857లో ఢిల్లీలో మేజిస్ట్రేటుగా ఉన్న థియోఫిలస్ జాన్ మెట్‌కాఫ్‌ను చార్లెస్‌కు మేనల్లుడని రాస్తే, అతడు చార్లెస్ సోదరి కొడుకని అర్థం. నిజానికి అతడు తమ్ముడు థామస్ కొడుకు, మన లెక్కలో చార్లెస్‌కు కొడుకు వరస. ఈ తేడా మాటకు సంబంధించినది మాత్రమే అనుకోకండి. బిరుదు మగవారి వరుసలో పోతుంది కనుక తమ్ముడి కొడుకుకు రావచ్చు, మేనల్లుడికి రాదు. థామస్ 1853లో చనిపోగా బారొనెట్ బిరుదు ఈ థియోఫిలస్‌కే వచ్చింది. కజిన్ అన్న మాటకూ ఇదే సూత్రం. తండ్రి అన్నదమ్ముల పిల్లలు దాయాదులు, బిరుదుకు పోటీలో ఉంటారు. మేనత్త, మేనమామ పిల్లలు బావలూ మరదళ్లూ, వారికి ఆ పోటీ లేదు. ఆంగ్ల చట్టం పాటించిన తేడాను ఇంగ్లీషు మాట దాచిపెడుతుంటే, మన వరసలు దాన్ని పైకి చెబుతున్నాయి. డల్హౌసీ విషయంలో ‘బంధువు’ అనో ‘కజిన్’ అనో రాయకుండా ‘చిన్నాన్న కొడుకు’ అని రాసింది అందుకే. ఫాక్స్ మాల్ వయసులో పెద్దవాడు కనుక వరసకు అన్న అవుతాడని కూడా కలపవచ్చు.

పాత పత్రాలు చదివేవారికి ఒక హెచ్చరిక. పదిహేడు, పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లీషులో ‘సన్ ఇన్ లా’ అని ఉంటే అల్లుడే కానక్కరలేదు. భార్య మొదటి పెళ్లి వల్ల కలిగిన కొడుకును కూడా ఆ మాటతోనే పిలిచేవారు. వితంతువులు మళ్లీ పెళ్లి చేసుకోవడం ఆ కుటుంబాల్లో మామూలు విషయం. చార్లెస్ తల్లి సుసన్నా డెబొనేర్‌కు కూడా మెట్‌కాఫ్‌తో జరిగినది రెండో పెళ్లి. కాబట్టి ‘అల్లుడు’ అని రాసేముందు కూతురుకు పెళ్లి అయిందో లేదో చూసుకోవాలి.

పేర్ల గొడవ

మన ఇళ్లలో తాత పేరు మనవడికి పెట్టినట్టే మెట్‌కాఫ్‌లు థియోఫిలస్ అన్న పేరును ఎవరికీ తప్పించలేదు. మొదటి బారొనెట్ థామస్ థియోఫిలస్, నాలుగో బారొనెట్ కూడా థామస్ థియోఫిలస్. రెండో బారొనెట్ థియోఫిలస్ జాన్, ఐదో బారొనెట్ కూడా థియోఫిలస్ జాన్. చార్లెస్ సోదరి ఎమిలీ థియోఫిలా ఆష్‌బ్రుక్ వైకౌంట్‌ను పెళ్లాడింది, మేనత్త పేరే తమ్ముడి కూతురికీ పెట్టారు. అందువల్ల వ్యాసంలో ప్రతి పేరుకూ మొదటిసారి బారొనెట్ సంఖ్యనో, పుట్టిన, గిట్టిన ఏళ్లనో జతచేసి, తరువాత ‘తండ్రి థామస్’, ‘తమ్ముడు థామస్’ అని వరసతోనే పిలవడం మేలు. వరసే ఇక్కడ ఇంటిపేరులా పనిచేస్తుంది.

స్త్రీల పేర్ల దగ్గర మరింత జాగ్రత్త కావాలి. 1798 నుంచి 1803 దాకా మద్రాసు గవర్నరుగా ఉన్న ఎడ్వర్డ్ క్లైవ్ భార్య ఎర్ల్ కూతురు కనుక, సొంత పేరుతోనే ‘లేడీ హెన్రియెట్టా’. బారొనెట్ భార్య అలా కాదు, ఆమె భర్త ఇంటిపేరుతోనే లేడీ అవుతుంది. తమ్ముడు థామస్ భార్య ఫెలిసిటీ 1842లోనే చనిపోయింది, థామస్‌కు బిరుదు వచ్చింది 1846లో. ఆమెను ‘లేడీ మెట్‌కాఫ్’ అని రాస్తే తప్పు. అలాగే ‘లార్డ్’ అన్న పిలుపు ఉన్న ప్రతివాడూ సొంత హక్కుతో ప్రభువు కాడు. 1794లో మద్రాసు గవర్నరుగా వచ్చిన లార్డ్ హోబర్ట్‌కు ఆ పిలుపు మొదట తండ్రి ఎర్ల్ కావడం వల్ల మర్యాదకు వచ్చినదే.

ఇంటిపేరు మారడం కూడా ఆశ్చర్యపోవలసిన విషయం కాదు. క్లైవ్ దంపతుల పెద్దకొడుకు 1807లో మేనమామ వీలునామా ప్రకారం క్లైవ్ పేరు వదిలి హెర్బర్ట్ అయ్యాడు, పోయిస్ ఎస్టేటు దక్కించుకున్నాడు. ఇల్లరికం ఎరిగిన మన పాఠకుడికి దీన్ని వివరించడం తేలిక. మేనమామ నుంచి ఆస్తి వచ్చింది గాని బిరుదు రాలేదని చెప్పడం మరవకండి. పోయిస్ ఎర్ల్ బిరుదును అతని తండ్రికి 1804లో కొత్తగా ఇచ్చారు.

తెలుగు లిపిలో రాసేటప్పుడు అక్షరాలను కాక ఉచ్చారణను అనుసరించాలి. బెర్క్‌షైర్ అని చూసి రాస్తాం గాని వారు బార్క్‌షైర్ అంటారు. డెర్బీని డార్బీ అంటారు. చమ్లీ (Cholmondeley) అన్న ఇంటిపేరు ఇంగ్లీషులో ఎన్ని అక్షరాలు పెట్టి రాస్తారో చూస్తే నవ్వొస్తుంది.

హైదరాబాద్‌లో ఏమి దొరుకుతుంది

తార్నాకలోని రాష్ట్ర అభిలేఖాగారంలో నిజాం ప్రభుత్వ పత్రాలు ఉన్నాయి. చాలావరకు పారశీకం, ఉర్దూ. రెసిడెన్సీ దస్తావేజులు ఢిల్లీలోని జాతీయ అభిలేఖాగారంలో ఉంటాయి. అఫ్జల్‌గంజ్ రాష్ట్ర కేంద్ర గ్రంథాలయంలో, ఉస్మానియా విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో పాత ఇంగ్లీషు ముద్రణలు చూడవచ్చు. 1854లో జాన్ విలియం కే వెలువరించిన మెట్‌కాఫ్ జీవితచరిత్ర అంతర్జాలంలో ఉచితంగా ఉంది. తండ్రి వంటి పార్లమెంటు సభ్యుల వివరాలు పార్లమెంటు చరిత్ర ప్రాజెక్టు వెబ్‌సైటులో ఉంటాయి, బిరుదు ప్రకటనలు లండన్ గెజిట్‌లో ఉంటాయి. తారీఖులు పోల్చేటప్పుడు హిజ్రీ 1236 అంటే 1820 అక్టోబరు నుంచి 1821 సెప్టెంబరు దాకా అని, దక్కను ఫసలీకి 590 కలిపితే ఇంగ్లీషు ఏడాది వస్తుందని గుర్తుంచుకోండి. 1752కు ముందటి ఇంగ్లండులో కొత్త ఏడాది మార్చి 25న మొదలయ్యేది. జనవరి, ఫిబ్రవరి తేదీలకు రెండు సంవత్సరాలు కనిపిస్తే కంగారుపడవద్దు.

భవనాన్ని చూడటానికి కోఠీకి వెళ్లాలి. కోఠీ మహిళా కళాశాలగా అందరికీ తెలిసిన ఆ ప్రాంగణం ఇప్పుడు వీరనారి చాకలి ఐలమ్మ పేరుతో మహిళా విశ్వవిద్యాలయం. లోపలికి వెళ్లడానికి ముందుగా అనుమతి తీసుకోండి.

ప్రభువు జీవితంలో మన ఊరి భాగం ఎంత పెద్దదిగా రాయాలన్నది రచయిత నిర్ణయించుకోవాలి. మెట్‌కాఫ్ విషయంలో నేను దానికి ఎక్కువ చోటే ఇస్తాను, ఎందుకంటే ఇక్కడి కథ మొత్తం బంధుత్వాల మీదే నడిచింది. విలియం పామర్ స్థాపించిన వడ్డీవ్యాపార సంస్థ నిజాం సికందర్ జా ప్రభుత్వానికి లక్షల్లో అప్పులిచ్చేది, 24 శాతానికి తగ్గని వడ్డీలు కూడా వసూలు చేసేది. పామర్ తండ్రి కంపెనీ జనరల్, తల్లి ఫైజ్ బక్ష్ బేగం. కలకత్తాలో పెద్ద వర్తకుడైన జాన్ పామర్ అతని సవతి అన్న. సంస్థలో భాగస్వామి అయిన సర్ విలియం రంబోల్డ్ భార్య, గవర్నర్ జనరల్ హేస్టింగ్స్ (వారన్ హేస్టింగ్స్ కాదు, మార్క్విస్ హేస్టింగ్స్) సంరక్షణలో పెరిగిన అమ్మాయి. స్వదేశీ రాజులకు బ్రిటిష్ ప్రజలు అప్పులివ్వరాదన్న చట్టం నుంచి ఈ సంస్థకు 1816లో మినహాయింపు దొరకడానికి, 1820లో 60 లక్షల అప్పుకు అనుమతి రావడానికి ఈ వరసలు తెలియకుండా కారణం చెప్పలేం. దివాను పని నడిపిస్తున్న చందూలాల్‌కు, సంస్థకు ఉన్న లావాదేవీలను మెట్‌కాఫ్ తవ్వితీశాడు, 6 శాతం వడ్డీకి కంపెనీ పూచీతో అప్పు తెచ్చి పామర్ బాకీ తీర్చేయాలని ప్రతిపాదించాడు. హేస్టింగ్స్ మండిపడ్డాడు. 1823 మొదట్లో హేస్టింగ్స్ వెళ్లిపోయిన తరువాత, తాత్కాలిక గవర్నర్ జనరల్ జాన్ ఆడమ్ సంస్థకు వ్యతిరేకంగా నిర్ణయం తీసుకున్నాడు. ఆ బాకీ తీర్చడానికి, ఉత్తర సర్కారుల కోసం కంపెనీ ఏటా నిజాంకు కట్టవలసిన 7 లక్షల పేష్కష్‌ను (కప్పాన్ని) శాశ్వతంగా రద్దు చేసుకుని, బదులుగా సుమారు 1 కోటి 16 లక్షల రూపాయలు ఒకేసారి ఇచ్చారు. గంజాం నుంచి గుంటూరు దాకా ఉన్న తీరప్రాంతం మీద నిజాంకు మిగిలిన చివరి ఆదాయం, కోఠీలోని ఒక వడ్డీవ్యాపారి ఖాతాలో జమ అయిందన్నమాట. ఆంగ్ల ప్రభువు జీవితచరిత్రలో తెలుగు పాఠకుడు చదివి తీరవలసిన పేరా ఇదే. పత్రికల మీద ఆంక్షల నిబంధనలు తెచ్చినది కూడా అదే ఏడాది అదే జాన్ ఆడమ్. పన్నెండేళ్ల తరువాత, తాను తాత్కాలిక గవర్నర్ జనరల్‌గా ఉన్నప్పుడు, మెట్‌కాఫ్ రద్దు చేసినది ఆ నిబంధనలనే.

రెవెన్యూ వసూళ్ల మీద జిల్లాల్లో యూరోపియన్ పర్యవేక్షకులను మెట్‌కాఫ్ నియమించాడు. దాన్ని ఒక వాక్యంలో చెప్పి, 1829లో కొత్త నిజాం నాసిరుద్దౌలా కోరికపై వారిని తొలగించారని కలిపితే చాలు.

రాత మొదలుపెట్టేటప్పుడు

మొదటి వాక్యంలోనే బిరుదును తేదీతో బిగించండి. ‘చార్లెస్ థియోఫిలస్ మెట్‌కాఫ్ (1785–1846) ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి, 1820–25 మధ్య హైదరాబాద్ రెసిడెంటు. అన్న మరణంతో 1822లో మూడో బారొనెట్ అయ్యాడు. 1845లో బారన్ అయ్యాడు. ఔరస సంతానం లేకపోవడంతో బారన్ బిరుదు అతనితో అంతరించింది, బారొనెట్ బిరుదు తమ్ముడు థామస్‌కు దక్కింది’ అని రాస్తే, నేను ఒకప్పుడు చేసిన తప్పులేవీ అందులో చోటుచేసుకోలేవు. తరువాతి పేరాల్లో ఏ ఘటన దగ్గర అతన్ని ఏమని పిలిచేవారో అలాగే పిలవండి. 1820లో మెట్‌కాఫ్, 1823లో సర్ చార్లెస్, 1845 తరువాత లార్డ్ మెట్‌కాఫ్. ‘గారు’ అక్కరలేదు, ఏకవచనంలోనే చివరిదాకా రాయవచ్చు.

రాసిన దాన్ని అచ్చుకు ఇచ్చేముందు ఇంట్లో పెద్దవారెవరికైనా చదివి వినిపించండి. మా ఇంట్లో ఆ పని మా మేనత్తతో చేయిస్తాను. ఆమెకు బారొనెట్ అంటే తెలియదు, ఆసక్తీ లేదు. కానీ మొన్న ఈ వ్యాసం వింటూ మధ్యలో ఆపి, ‘ఆ ముగ్గురు పిల్లలూ ఆ థామస్‌కు ఏమవుతారు, ఆయన వాళ్లను ఇంటికి రానిచ్చాడా?’ అని అడిగింది. అన్న పిల్లలు కనుక కొడుకుల వరసే అవుతారు. రెండో ప్రశ్నకు జవాబు కోసం వీలునామాలు మళ్లీ తెరిచాను.